బల్లపై సైన్యం మోహరింపు: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు, కోరమంగళ ప్రాంతాల్లో ఉంటూ వారాంతాల్లో మినియేచర్ యుద్ధక్రీడలు (చిన్న సైనిక బొమ్మలతో బల్ల మీద ఆడే ఆటలు) ఆడే తెలుగువారు, అందులోనూ కొత్తగా మొదలుపెట్టినవారు, మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. రంగులు వేయడం గురించీ, ఏ సైన్యం కొనాలన్న దాని గురించీ ఇక్కడ చర్చ లేదు. మొదటి పాచిక పడకముందు బొమ్మలను ఎక్కడ, ఏ క్రమంలో, ఎందుకు నిలబెట్టాలన్నదే విషయం. ఉదాహరణలు ఎక్కువగా వార్‌హామర్ 40,000 నుంచి తీసుకున్నవి. అంకెలు 2023లో వచ్చిన పదో ఎడిషన్‌వి కాబట్టి, వేరే ఎడిషన్ ఆడేవారు తమ నిబంధనల పుస్తకంతో సరిచూసుకోవాలి. దూరాలన్నీ అంగుళాల్లోనే ఉంటాయి.

మోహరింపుకు ఇంత ప్రాధాన్యం దేనికి? ఆట మొదలయ్యాక సర్దుకోలేమా?

సర్దుకోవచ్చు గానీ దానికయ్యే ఖర్చు ఎక్కువ. ఆట మొత్తం ఐదు రౌండ్లు, ఒక్కో రౌండ్‌లో ఇద్దరికీ ఒక్కో టర్న్ (ఆడే అవకాశం) వస్తుంది. సాధారణ కాల్బలం ఒక టర్న్‌లో 6 అంగుళాలు నడుస్తుంది. అంటే ఏ అడ్డూ లేకుండా, ఎవరూ కాల్చకుండా, ఐదు టర్న్‌లూ నడిచినా 30 అంగుళాలే పోతుంది. 2000 పాయింట్ల ఆటకు (సైన్యం పరిమాణాన్ని అలా పాయింట్లలో లెక్కిస్తారు) వాడే బల్ల పొడవేమో 60 అంగుళాలు. తప్పు మూలలో నిలబెట్టిన యూనిట్‌ను (కలిసి కదిలే బొమ్మల జట్టును) అవసరమైన చోటికి తెచ్చేసరికి రెండు మూడు టర్న్‌లు గడిచిపోతాయి, అప్పటికి గెలుపును తేల్చే పాయింట్లలో సగం ఎవరో ఒకరి ఖాతాలో పడిపోయి ఉంటాయి. “పాచికలు కలిసిరాలేదు” అని చెప్పుకునే ఓటముల్లో చాలావాటిని వెనక్కి తిరిగి చూస్తే, పాచిక వేయడానికి ముందే ఓడిన ఆటలవి.

ఇంకో కారణం కూడా ఉంది. మోహరింపులో ఇద్దరు ఆటగాళ్లూ ఒకరికొకరు సమాచారం ఇచ్చుకుంటూ ఉంటారు. మీరు పెట్టే ప్రతి యూనిట్ మీ ఉద్దేశంలో కొంత భాగాన్ని బయటపెడుతుంది. తక్కువ చెప్పి ఎక్కువ తెలుసుకున్నవారిదే పైచేయి. కింద రాసిన సమాధానాలన్నిటికీ మూలం ఈ ఒక్క మాటే.

మోహరింపు ఏ క్రమంలో జరుగుతుంది?

ముందుగా ఏ సేనాని ఏ యూనిట్‌తో కలుస్తాడు, ఎవరు వాహనాల్లో ఎక్కి ఉంటారు, ఎవరు రిజర్వులో (బల్ల బయట ఉండి తరువాత దిగేలా) ఉంటారు అన్నది ఇద్దరూ ప్రకటిస్తారు. తరువాత డిఫెండర్‌తో (ఆ ఆటలో రక్షకుడి పాత్ర దక్కిన ఆటగాడితో) మొదలుపెట్టి ఒక్కొక్క యూనిట్ చొప్పున వంతులవారీగా తమ తమ జోన్లలో (మోహరింపుకు కేటాయించిన హద్దుల్లో) పెట్టుకుంటూ పోతారు. అన్నీ పెట్టడం అయ్యాకే మొదటి టర్న్ ఎవరిదో తేల్చే పాచిక పడుతుంది. కొన్ని సైన్యాలకు పెట్టిన యూనిట్లను తిరిగి తీసి వేరే చోట పెట్టుకునే ప్రత్యేక నిబంధన ఉంటుంది. ప్రత్యర్థికి అది ఉందో లేదో మొదటి యూనిట్ పెట్టకముందే అడిగి తెలుసుకోవాలి.

ఏ యూనిట్‌ను ముందు పెట్టాలి? ఏది చివరికి ఉంచుకోవాలి?

ఎక్కడ పెడతారో ప్రత్యర్థికి ఎలాగూ తెలిసిపోయే యూనిట్‌ను ముందు పెట్టండి. ఎక్కడ పెడతారన్నదాని మీద ఆట ఆధారపడే యూనిట్‌ను చివరికి ఉంచుకోండి.

చాలా మిషన్లలో (ఆ ఆట లక్ష్యాలను చెప్పే పథకాల్లో) మీ జోన్‌లోనే ఒక ఆబ్జెక్టివ్ (పట్టి ఉంచితే పాయింట్లు వచ్చే చోటు) ఉంటుంది. దాని మీద కూర్చోవడానికి చవకైన యూనిట్ ఒకటి తెచ్చే ఉంటారు. దాన్ని అక్కడ పెట్టడం వల్ల ప్రత్యర్థికి కొత్తగా తెలిసేది శూన్యం, మీకు మాత్రం ఒక వంతు గడిచిపోతుంది. అలా గడిచే ప్రతి వంతుకూ అవతలి వైపు నుంచి ఒక యూనిట్ బల్ల మీదికి వస్తుంది. శత్రు ట్యాంకులు ఏ వైపు చేరాయో చూశాకే మీ ట్యాంకు విధ్వంసక తుపాకీలను పెట్టే వీలు అప్పుడే దొరుకుతుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ఇన్‌ఫిల్ట్రేటర్ సామర్థ్యం ఉన్న యూనిట్లు తమ జోన్ దాటి, శత్రు జోన్‌కూ శత్రు బొమ్మలకూ 9 అంగుళాలకు మించిన దూరంలో ఎక్కడైనా నిలబడవచ్చు. ఇద్దరి దగ్గరా అవి ఉంటే మధ్య భూమి ముందు పెట్టినవారిదే. మీ ఇన్‌ఫిల్ట్రేటర్లు మధ్యలో నిలబడగానే వాళ్ల చుట్టూ 9 అంగుళాల మేర ప్రత్యర్థి ఇన్‌ఫిల్ట్రేటర్లకు చోటు ఉండదు. ఇలాంటి పోటీ ఉన్నప్పుడు మొదటి వంతులోనే వాటిని దింపాలి. ప్రత్యర్థి దగ్గర అవి లేకపోతే తొందరపడే అవసరం లేదు, మీవి చివర్లో పెట్టుకున్నా ఆ చోటు ఎక్కడికీ పోదు.

ఇక వంతుల లెక్క. మీ దగ్గర 14 యూనిట్లు, ప్రత్యర్థి దగ్గర 9 ఉన్నాయనుకుందాం. వంతులు ఎటునుంచి మొదలైనా, అతని సైన్యమంతా బల్ల మీదికి వచ్చేశాక కూడా మీ చేతిలో ఇంచుమించు ఐదు యూనిట్లు మిగులుతాయి. ఆ ఐదింటినీ అన్నీ తెలిసి పెడతారు. అందుకే చవకైన చిన్న యూనిట్లు రెండు మూడు అదనంగా తెచ్చుకోవడం వృథా కాదు. వాహనంలో ఎక్కిన యూనిట్ ముందే ప్రకటన అయిపోయి వాహనంతో కలిసి ఒకే వంతులో దిగుతుంది. దానివల్ల వంతులు తగ్గుతాయన్న సంగతి సైన్యం రాసుకునేటప్పుడే గుర్తుంచుకోవాలి.

అయితే ఈ లెక్క అన్ని ఆటలకూ వర్తించదు. ఏజ్ ఆఫ్ సిగ్మార్‌లో మోహరింపు ముందుగా ముగించినవారే మొదటి రౌండ్‌లో ముందు ఎవరు ఆడాలో నిర్ణయిస్తారు. అక్కడ యూనిట్లను రెజిమెంట్లుగా కట్టి ఒకే వంతులో దించేయడం వల్ల ఆ అధికారం దక్కుతుంది. అంటే అక్కడ సమాచారాన్ని వదులుకుని మొదటి టర్న్‌ను కొనుక్కుంటున్నారన్నమాట. రెండు ఆటలూ ఆడేవారు ఒకదాని అలవాటును రెండోదానిలోకి తీసుకెళ్లకూడదు.

మొదటి టర్న్ నాకే వస్తుందన్న ధైర్యంతో ముందుకు పెట్టవచ్చా?

పెట్టకూడదు. ఆ పాచిక రెండు వైపులా సమానంగా పడుతుంది. సగం ఆటల్లో మీ సైన్యం ముందుగా దెబ్బలు తినాలి. అందుకని రెండో టర్న్ మీదే అన్న లెక్కతో మోహరించి, మొదటిది వస్తే దాన్ని లాభంగా చూసుకోవాలి. మొదటి టర్న్ వస్తే గెలిచే, రాకపోతే సగం సైన్యం పోగొట్టుకునే మోహరింపు సాహసంలా కనబడుతుంది గానీ, దాని అర్థం మూడు గంటల ఆటను ఒక్క పాచికకు అప్పగించడమే.

ఆచరణలో దీన్ని ఒక చిన్న పరీక్షతో చూసుకోవచ్చు. మోహరింపు పూర్తయ్యాక ప్రత్యర్థి వైపుకు వెళ్లి, బల్ల ఎత్తుకు వంగి, అతని పెద్ద తుపాకీల వెనక నుంచి మీ సైన్యాన్ని చూడండి. ఆ తుపాకీ ఎంత దూరం కాలుస్తుందో దానికి అది నడిచే దూరాన్ని కలపండి. 24 అంగుళాలు కాల్చే ఆయుధం మోసే కాల్బలం 6 అంగుళాలు నడవగలదంటే, అది మీకు 30 అంగుళాల ముప్పు. ఆ లోపల, కంటికి ఆనే చోట, పోతే ఆట పోయే యూనిట్ ఏదైనా ఉందా? ఉంటే దాన్ని వెనక్కి తీయాలి. చవకైనది ఉంటే ఉండనివ్వండి. శత్రువు దేనినో ఒకదాన్ని కాల్చక తప్పదు కదా.

గోడల వెనక అన్నీ దాచేస్తే సరిపోతుందా?

దాచడం సగం పనే, బయటికి వచ్చే దారి చూసుకోవడం మిగతా సగం. శిథిల భవనాల నిబంధన ప్రకారం, వాటి పాదభాగానికి (బల్ల మీద అవి ఆక్రమించే చోటుకు) అవతల పూర్తిగా బయట ఉన్న బొమ్మను భవనం గుండా సాధారణంగా చూడలేం. కిటికీలోంచి కత్తి మొన కనబడుతున్నా అంతే. కాబట్టి L ఆకారపు శిథిలం వెనక ట్యాంకు కూడా భద్రంగా ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, కాల్బలం గోడల గుండా నడిచి వెళ్లగలదు గానీ వాహనం చుట్టూ తిరిగి రావాలి. గోడ వెనక ఒకదాని వెనక ఒకటిగా మూడు వాహనాలు పెట్టి, ముందుదాని ముందు పదిమంది సైనికులను నిలబెడితే, రెండో టర్న్‌కు ఆ మూల సాయంత్రం ఆరు గంటల సిల్క్ బోర్డు జంక్షన్ అయిపోతుంది. అన్నిటికీ ఇంధనం ఉంటుంది, ఏదీ కదలదు.

వాహనాన్ని పెట్టే ముందు దాని మొదటి కదలికను టేపుతో కొలిచి చూసుకోవాలి. మలుపు ఎక్కడ, మలుపు తిరిగాక దేన్ని చూడగలదు, దారిలో మనవాళ్లెవరైనా అడ్డున్నారా అన్నవి తేల్చుకున్నాకే చెయ్యి తీయాలి. మోహరింపు సమయంలో కొలవడానికి ఏ నిషేధమూ లేదు, అయినా కొత్తవారు ఎందుకో మొహమాటపడతారు.

సైన్యాన్ని బల్ల పొడవునా సమానంగా పరచాలా, ఒక వైపే పెట్టాలా?

సమానంగా పరచడం చూడటానికి పద్ధతిగా ఉంటుంది, ఆడటానికి బలహీనంగా ఉంటుంది. మీ జోన్ పొడవు 60 అంగుళాలైతే ఎడమ కొసన ఉన్న యూనిట్ కుడి కొసన జరిగే పోరుకు ఆట మొత్తంలో సాయపడలేదు. ప్రత్యర్థి తన బలాన్నంతా ఒక వైపు పోగేస్తే, మీ సైన్యంలో సగంతో అతని సైన్యమంతా తలపడుతుంది. ఆ సగం పోయాక మిగిలిన సగం పని పడతాడు.

దీనికి మారుగా ఒక పక్కను కావాలనే పలచగా వదిలి, అక్కడ నెమ్మదిగా వెనక్కి తగ్గగల చిన్న యూనిట్ ఒకటి రెండు మాత్రమే ఉంచి, మిగతా బలాన్ని రెండో పక్క చేర్చడం యుద్ధచరిత్రలో చాలా పాత ఎత్తు. క్రీస్తుపూర్వం 371లో ల్యూక్ట్రా దగ్గర థీబ్స్ సేనాని ఎపామినోండాస్ తన ఎడమ పక్కన 50 వరుసల లోతుతో సైనికులను నిలిపి, బలహీనమైన కుడి పక్కను వెనక్కి పట్టి ఉంచాడు. ఎదురుగా ఉన్న స్పార్టన్లు 12 వరుసల లోతులోనే ఉన్నారు. కుడి వైపు పోరు పూర్తిగా అందుకునేలోపే ఎడమ వైపు స్పార్టా రాజు క్లియోంబ్రోటస్ పడిపోయాడు, యుద్ధం తేలిపోయింది. మన బొబ్బిలి యుద్ధం జరిగిన 1757లోనే, డిసెంబరులో, ప్రష్యా రాజు ఫ్రెడరిక్ లాయిటెన్ దగ్గర ఇదే ఎత్తును ఇంకో రూపంలో వేశాడు. ఆస్ట్రియన్ల కుడి పక్క మీద దాడి చేస్తున్నట్టు కనిపించి, కొండల చాటున సైన్యాన్ని నడిపించి ఎడమ పక్కన విరుచుకుపడ్డాడు.

బల్ల మీద ఇది ఎప్పుడు నప్పుతుందంటే, ప్రత్యర్థి సైన్యం నెమ్మదిగా నడిచేదై, ఇప్పటికే అటూ ఇటూ చీలి ఉన్నప్పుడు. అతని యూనిట్లలో మూడో వంతు మీరు వదిలేసిన పక్కకు ఎదురుగా చిక్కుకుంటే, ఆ మూడో వంతు రెండు టర్న్‌ల పాటు బల్ల మీద ఉండీ లేనట్టే. ఎప్పుడు నప్పదంటే, ఆబ్జెక్టివ్‌లు బల్ల అంతటా చెదిరి ఉన్నప్పుడు. వదిలేసిన పక్కన ఉన్న ఆబ్జెక్టివ్ ప్రతి టర్న్ అతనికి పాయింట్లు ఇస్తూనే ఉంటుంది. ఆ నష్టాన్ని పూడ్చగలమా అని లెక్క వేసుకున్నాకే ఒక పక్కను వదలాలి. ఎక్కడ పెడతారో ప్రత్యర్థికి ముందుగా తెలిసిపోతే ఈ ఎత్తు ఫలించదు కాబట్టి, పైన చెప్పిన వంతుల క్రమం ఇక్కడ ప్రాణం లాంటిది. బరువైన యూనిట్లన్నీ చివరి వంతుల్లోనే ఒక వైపు చేరాలి.

రిజర్వులో ఎంత ఉంచాలి?

స్ట్రాటజిక్ రిజర్వుకు మొత్తం పాయింట్లలో నాలుగో వంతు దాకా అనుమతి ఉంటుంది, అంటే 2000 పాయింట్ల ఆటలో 500. అవి రెండో రౌండ్ నుంచి బల్ల అంచుకు 6 అంగుళాల లోపల దిగవచ్చు. మిషన్ నిబంధనల ప్రకారం మూడో రౌండ్ ముగిసేలోగా దిగనివి నాశనమైనట్టే లెక్క. అనుమతి ఉంది కదా అని అంతా ఉంచడం సరికాదు. బల్ల మీద లేని యూనిట్ ఆబ్జెక్టివ్ పట్టదు, శత్రువు దారికి అడ్డు నిలవదు. ఒకటి, మహా అయితే రెండు యూనిట్లు చాలు. అవి కూడా దాచడానికి చోటు లేనివో, ప్రత్యర్థిని వెనక్కి చూసుకునేలా చేసేవో అయి ఉండాలి. ఒకే ఒక్క యూనిట్ రిజర్వులో ఉన్నా, ప్రత్యర్థి తన వెనక భాగంలో కాపలా పెట్టక తప్పదు. అది నిజానికి దిగినప్పటికంటే దిగకముందే ఎక్కువ పని చేస్తుంది.

డీప్ స్ట్రైక్ చేసేవారు నా వెనక దిగకుండా ఎలా అడ్డుకోవాలి?

డీప్ స్ట్రైక్‌లో, అంటే రిజర్వు నుంచి నేరుగా బల్ల మధ్యలోకి, వచ్చే యూనిట్ మీ బొమ్మలన్నిటికీ 9 అంగుళాలకు మించిన దూరంలోనే దిగాలి. అంటే మీ ప్రతి బొమ్మ చుట్టూ 9 అంగుళాల నిషిద్ధ వలయం ఉంటుంది. రెండు బొమ్మల మధ్య ఖాళీ 18 అంగుళాలు మించకపోతే, వాటిని కలిపే గీత మీద ఎక్కడా దిగే చోటు ఉండదు. గీతకు అటూ ఇటూ జరిగేకొద్దీ ఆ రక్షణ పలచబడుతుంది కాబట్టి 18 అని కాకుండా 14 అంగుళాలు అనుకుని పెట్టుకోవడం క్షేమం.

మూలల లెక్క ఇంకా ముఖ్యం, ఎక్కువమంది పొరబడేది అక్కడే. బొమ్మను మూలలోనే నిలబెట్టేస్తే దాని వలయంలో నాలుగింట మూడు వంతులు బల్ల బయట వృథాగా పోతుంది. దానికి బదులు రెండు అంచుల నుంచీ ఆరేసి అంగుళాల దూరంలో నిలబెడితే, బల్ల మూలకు దాని దూరం దాదాపు ఎనిమిదిన్నర అంగుళాలు అవుతుంది. మూల మూసుకుపోతుంది, లోపలి వైపు వలయం కూడా పూర్తిగా పనికి వస్తుంది.

నేల మీద నడిచి వచ్చేవారిని అడ్డుకోవడానికి ఇంకో కొలత. ఛార్జ్ చేస్తే (దగ్గరి పోరుకు మీద పడితే) తప్ప శత్రు బొమ్మకు ఒక అంగుళం లోపలికి ఎవరూ రాకూడదు. 32 మిల్లీమీటర్ల బేస్ (బొమ్మ నిలబడే గుండ్రటి పీట) ఉన్న ఐదు బొమ్మలను రెండేసి అంగుళాల ఎడంతో వరుసగా నిలబెడితే 14 అంగుళాల పైచిలుకు వెడల్పు వస్తుంది. రెండు కొసలా ఒక్కో అంగుళం కలిపితే 16. అంటే చవకైన ఐదుగురు మనుషులు సైంధవుడిలా అడ్డుపడి, బల్ల వెడల్పులో మూడో వంతుకు పైగా మూసేయగలరు.

ఇంత చేసినా కొన్ని దిగుతాయి. అప్పుడు ఛార్జ్ లెక్క గుర్తుంచుకోవాలి. 9 అంగుళాల అవతల దిగిన యూనిట్ మీ మీద పడాలంటే రెండు పాచికల మొత్తం 9 గానీ అంతకు మించి గానీ రావాలి. 36 అవకాశాల్లో అలాంటివి 10, అంటే నూటికి 28 సార్లు. ఒకసారి తిరిగి వేసే వీలుంటే అది నూటికి 48కి చేరుతుంది. తిరిగి వేసే వీలున్న ప్రత్యర్థి ఎదురైతే, వెనక ఉన్న విలువైన యూనిట్‌కు 9 అంగుళాలు సరిపడే భద్రత అనుకోకూడదు. దాని ముందు చవకైన కాపలా ఒకటి ఉండాలి.

పద్మవ్యూహం, శకటవ్యూహం లాంటివి ఈ ఆటల్లో పనికివస్తాయా?

ఆకారాలు పనికిరావు. ఆ ఆకారాల వెనక ఉన్న ఆలోచన పనికివస్తుంది. ద్రోణపర్వంలో వరుసగా రెండు రోజుల యుద్ధాన్ని మోహరింపు దృష్టితో చదివితే రెండు వేర్వేరు సంగతులు బయటపడతాయి.

పదమూడో రోజు అభిమన్యుడు వ్యూహాన్ని ఛేదించుకుని లోపలికి వెళ్లాడు. ప్రణాళిక ప్రకారం అతని వెనకే భీముడు మొదలైనవారు చొరబడాలి. ద్వారం దగ్గర సైంధవుడు ఒక్కడే వారందరినీ ఆపాడు. బల్ల మీద ఇది వారం వారం కనబడే దృశ్యమే. వేగం ఎక్కువున్న యూనిట్‌ను ముందు అంచున పెడతారు, అది మొదటి టర్న్‌లో శత్రువుల మధ్యకు దూకుతుంది, దాన్ని అనుసరించాల్సినవి 6 అంగుళాల చొప్పున వెనక నడుస్తూ దారిలో ఏదో ఒక కాపలా యూనిట్ దగ్గర ఆగిపోతాయి. ముందుకు దూకేదాన్ని దాని తోడు కంటే ఎంత ముందు పెట్టాలన్నది మోహరింపులోనే తేల్చుకోవాలి. రెండూ ఒకే టర్న్‌లో తాకేటట్టు వేగంగా ఉన్నదాన్ని వెనక పెట్టడమే చాలాసార్లు సరైన పని.

పద్నాలుగో రోజు సంగతి ఇంకా ఆసక్తికరం. సూర్యాస్తమయం లోపల సైంధవుణ్ణి చంపుతానని అర్జునుడు శపథం చేశాడు. ద్రోణుడు శకటవ్యూహం పన్ని, దాని వెనక పద్మవ్యూహం, అందులో సూచీవ్యూహం పెట్టి, ఆ చివర సైంధవుణ్ణి ఉంచాడు. అర్జునుణ్ణి ఓడించడం ద్రోణుడికి అక్కరలేదు, సాయంత్రం దాకా ఆలస్యం చేస్తే చాలు. ఐదు రౌండ్లకే ముగిసే ఆటలో ఆబ్జెక్టివ్‌ను కాపాడేవారి స్థితి సరిగ్గా ఇదే. చంపే యూనిట్లకంటే, ఒకదాని వెనక ఒకటిగా, దాటడానికి ఒక్కొక్క టర్న్ పట్టే పొరలే ఎక్కువ విలువైనవి. పొరల మధ్య ఎడం కూడా చూడాలి. మొదటి పొరను కొట్టిన యూనిట్ అదే ఊపులో రెండో పొరను అందుకోలేనంత దూరం ఉండాలి. అన్నట్టు, అర్జునుడు ద్రోణుడితో పోరు తెగదని గ్రహించి, ప్రదక్షిణంగా తప్పుకుని ముందుకు సాగిపోయాడు. ఎంత బలమైన యూనిట్‌నైనా చుట్టి పోయే దారి వదిలితే దాని బలం ఎవరికీ అడ్డు కాదు.

1000 పాయింట్ల ఆటలో ఏం మారుతుంది?

బల్ల అంతే ఉంటుంది, బొమ్మలు సగమే ఉంటాయి. కాబట్టి అన్ని చోట్లా కాపలా పెట్టే ఆశ వదులుకుని, పక్క వదలడాన్నే మామూలు పద్ధతిగా తీసుకోవాలి.

వేరే ఆటల్లో మోహరింపు ఎలా ఉంటుంది?

ఇన్ఫినిటీ ఆటలో పాచిక గెలిచినవారు రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి: ముందు ఎవరు ఆడాలన్నదా, లేక ఏ వైపు ఎవరిది, ఎవరు ముందు మోహరించాలన్నదా. మిగిలినది ఓడినవారికి వెళుతుంది. పైగా ఇద్దరూ ఒక్కొక్క మనిషిని చివరిదాకా చేతిలో ఉంచుకుంటారు. సమాచారానికి ఉన్న విలువను నిబంధనల్లోనే ఒప్పుకున్న ఆట అది. చాలామంది మొదటి టర్న్‌నే ఎంచుకుంటారు గానీ, చోట్ల మధ్య తేడా ఎక్కువగా ఉన్న బల్ల మీద రెండోదే మేలైన బేరం.

2013లో వచ్చిన చెయిన్ ఆఫ్ కమాండ్ ఈ విషయంలో అన్నిటికంటే ముందుంది. రెండో ప్రపంచ యుద్ధం నేపథ్యంగా ఉండే ఆ ఆటలో బొమ్మలు పెట్టకముందే గస్తీ గుర్తులతో ఒక చిన్న ఆట నడుస్తుంది. ఒక్కో గుర్తును 12 అంగుళాల దాకా జరుపుతారు. తన గుర్తులన్నీ గొలుసులా ఒకదానికొకటి 12 అంగుళాల లోపల ఉండాలి. శత్రు గుర్తుకు 12 అంగుళాల లోపలికి రాగానే రెండూ అక్కడే బిగుసుకుపోతాయి. ఆ తరువాత వాటి వెనక చాటున్న చోట్లను ఎంచుకుంటే, ఆట సాగుతుండగా సైనికులు అక్కడి నుంచి బయటికి వస్తారు. దూకుడుగా జరిపి ముందు చోటు పట్టాలా, వెడల్పుగా పరచి శత్రువు పక్కను చుట్టాలా అన్న తర్జనభర్జన నిజమైన గస్తీ దళాలకు దగ్గరగా ఉంటుంది. వార్‌హామర్ మాత్రమే ఆడేవారు కూడా ఒకసారి దీన్ని ఆడితే ఖాళీ భూమిని చూసే తీరు మారుతుంది.

ఒకరికొకరు కనబడకుండా తెర కట్టి మోహరించుకోవచ్చా?

నిరభ్యంతరంగా. ఇది కొత్త ఆలోచనేమీ కాదు, హెచ్.జి.వెల్స్ 1913లో అచ్చువేసిన లిటిల్ వార్స్ నిబంధనల్లోనే మధ్యలో తెర వేసి ఇద్దరూ తమ బొమ్మలను సర్దుకునే పద్ధతి ఉంది. ఇంట్లోనైతే ఆన్‌లైన్ ఆర్డర్లతో వచ్చిన అట్టపెట్టెలను విప్పి నిలబెడితే సరిపోతుంది. వంతులవారీ పద్ధతిలో ఉండే ఎత్తుకు పైఎత్తు ఇందులో పోతుంది, ఊహించే సరదా వస్తుంది. ఇన్‌ఫిల్ట్రేటర్లను మాత్రం తెర తీశాకే పెట్టుకోవాలి, లేకపోతే 9 అంగుళాల నిబంధన తెగదు.

మా ఫ్లాట్‌లో డైనింగ్ టేబుల్ సరిపోవడం లేదు. చిన్న బల్ల మీద మోహరింపు నేర్చుకోవచ్చా?

చిన్న బల్ల మీద నేర్చుకున్నది పెద్ద బల్ల మీద తప్పుతుంది, ఎందుకంటే సైన్యాల మధ్య దూరమే ఇందులో అసలు కొలత. 44 అంగుళాల వెడల్పు బల్ల మీద ఇరువైపులా పదేసి అంగుళాల జోన్లు ఉంటే మధ్యలో 24 అంగుళాలు మిగులుతాయి. వెడల్పు 36కు తగ్గితే అది 16 అవుతుంది, అప్పుడు మొదటి టర్న్‌లోనే కాల్బలం మీద పడిపోవచ్చు. దానికంటే 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉండే ప్లైవుడ్ షీట్ ఒకటి తెచ్చి, దుకాణంలోనే కోయించుకోవడం మంచిది. 60 అంగుళాలకు 44 అంగుళాల పలక ఒకటి, కాంబాట్ పెట్రోల్‌కు (వార్‌హామర్‌లోని చిన్న ఆటకు) సరిపోయే 30కి 44 అంగుళాల పలక మరొకటి, రెండూ ఆ ఒక్క షీట్‌లోనే వస్తాయి. అద్దె ఇళ్లలో ఉండేవారు మొదటి పలకను మధ్యకు రెండుగా కోయించుకుంటే లిఫ్టులో పడుతుంది, మంచం కిందికి వెళుతుంది. జోన్ల హద్దులను పలక అంచుల మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటే ప్రతిసారీ కొలిచే పని తప్పుతుంది.

మోహరింపుకు ఎంత సమయం తీసుకోవాలి?

ఇరవై నిమిషాలు చాలు, అరగంట దాటితే ప్రత్యర్థి ఓపికను పరీక్షిస్తున్నట్టే. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌ను గంటల లెక్కన తీసుకుని ఆడేవారికి ఇది డబ్బుతో కూడిన సంగతి కూడా. అవుటర్ రింగ్ రోడ్డు మీద చిక్కుకుని ముప్పావు గంట ఆలస్యంగా వచ్చినవారు ఆ సమయాన్ని మోహరింపులో పూడ్చుకోవాలని చూస్తారు. కుదించాల్సినది అది కాదు. 2000 పాయింట్లకు బదులు 1000 ఆడుకోవడం నయం. బొమ్మలను ఇంటి దగ్గరే ఒక తాంబాళంలో యూనిట్ల వారీగా, పెట్టే క్రమంలో సర్దుకుని వస్తే సమయం బాగా కలిసివస్తుంది.

పెట్టేటప్పుడు ప్రత్యర్థితో ఏం మాట్లాడాలి?

ఉద్దేశాన్ని పైకి చెప్పాలి. “ఈ ట్యాంకు మీ జోన్ నుంచి కనబడకుండా పెడుతున్నాను, చూడండి” అని చెప్పి, అతను సరేనన్నాక వదిలేయండి. తరువాత చెయ్యి తగిలి బొమ్మ అర అంగుళం జరిగినా తగువు ఉండదు. బెంగళూరు బల్లల చుట్టూ కన్నడం, తమిళం, హిందీ, ఇంగ్లీషు అన్నీ వినిపిస్తాయి. పక్కనున్న తెలుగు మిత్రుడితో తెలుగులో సలహాలు పంచుకోవడం ఎదుటివారికి ఇబ్బంది కలిగిస్తుందని గమనించాలి. స్నేహపూర్వకమైన ఆటలో కూడా అది మర్యాద కాదు.

ఆడటానికి ఎవరూ దొరకని వారాల్లో మోహరింపును ఒంటరిగా సాధన చేయవచ్చా?

చేయవచ్చు, బొమ్మలు కూడా అక్కరలేదు. పది రూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు. చిన్న కాల్బలానికి వాడే 28.5 మిల్లీమీటర్ల బేస్‌కు అది దాదాపు సమానం. పెద్ద బేస్‌లకు అట్ట ముక్కలు గుండ్రంగా కత్తిరించుకోండి. శిథిలాల పాదభాగాలను న్యూస్‌పేపరుతో కోసి పరవండి. రెండు సైన్యాలనూ మీరే వంతులవారీగా పెట్టండి, అయితే ప్రతి యూనిట్ పెట్టే ముందు బల్లకు అటు వైపుకు వెళ్లి నిలబడండి. అంతా పెట్టాక పాచిక వేసి ఒక్క రౌండ్ మాత్రమే ఆడి ఆపేయండి. ఫోన్‌తో పై నుంచి ఒక ఫొటో తీసి, రెండు జోన్లనూ తారుమారు చేసి, అదే శిథిలాల మధ్య మళ్లీ మొదలుపెట్టండి. రెండో ఫొటోను మొదటిదానితో పోల్చినప్పుడు రెండుసార్లూ ఒకే చోట నిలబడిన యూనిట్ ఏదో చూడండి. తరువాతి ఆటలో మొదటి వంతున పెట్టాల్సినది అదే.